కృప ఉచితమైతే బహుమానం దేనికి?

ఒక ఆదివారం ప్రసంగంలో వినే మాట: రక్షణ ఉచితం, మన క్రియల వల్ల వచ్చింది కాదు, ఎవరూ అతిశయపడటానికి లేదు. ఇంకో ఆదివారం, ముఖ్యంగా సంఘ వార్షికోత్సవం నాడు, అదే వేదిక మీంచి వినే మాట: నమ్మకంగా సేవ చేసినవాళ్లకు బహుమానం ఉంది, ప్రభువు దేన్నీ మరిచిపోడు, పరలోకంలో కిరీటం ఉంది. రెండూ వాక్యంలో ఉన్నవే. మొదటిది ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. రెండోది హెబ్రీ పత్రిక 6:10లో ఉంది. పరిశుద్ధులకు చేసిన ఉపచారాన్ని "మరచుటకు, దేవుడు అన్యాయస్థుడు కాడు" అంటుంది.

రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచిస్తే చిక్కు మొదలవుతుంది. ఉచితమైనప్పుడు లెక్క ఎందుకు? లెక్క ఉన్నప్పుడు ఉచితం ఎలా? వీటికంటే గట్టి ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రతిఫలం వస్తుందని తెలిసి చేసిన సేవ నిష్కపటమైన సేవ అవుతుందా?

ఈ చివరి ప్రశ్నను బైబిల్లో సూటిగా అడిగింది అపవాది, అంటే సాతాను. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు కలవాడాయెనా?" అని యోబు గ్రంథం మొదటి అధ్యాయంలోనే అడుగుతాడు. చుట్టూ కంచె వేసి, చేతిపనిని దీవించి, మందలను పెంచినవాడికి భక్తి చేయడం కష్టమా అన్నది వాడి వాదన. కొట్టిపారేయడానికి వీల్లేని వాదనే. దేవుడు కూడా దానికి మాటలతో జవాబు చెప్పడు. యోబు బతుకునే జవాబుగా నిలబెడతాడు.

తెలుగువాళ్లకు ఈ ప్రశ్న ఇంకో దారిలోనూ పరిచయమే. భగవద్గీత 2వ అధ్యాయం 47వ శ్లోకం క్రైస్తవ ఇళ్లలో పుట్టినవాళ్లకు కూడా చెవిన పడే ఉంటుంది: పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు. ఫలాపేక్ష లేని పనే గొప్పదని మనందరికీ ఎక్కడో నాటుకుపోయింది. అందుకే బహుమానాన్ని గురించి వాక్యం అంత బాహాటంగా మాట్లాడుతుంటే, కొందరు విశ్వాసులకు కాస్త సిగ్గుగా ఉంటుంది. "నేను ఏమీ ఆశించి చేయడం లేదండీ" అని వెంటనే చెప్పేస్తారు. బైబిల్ మాత్రం అలా చెప్పమని ఎవరినీ అడగలేదు.

నెహెమ్యాను చూడండి. అర్తహషస్త రాజు ఏలుబడి 20వ సంవత్సరం నుంచి 32వ సంవత్సరం దాకా, పన్నెండేళ్లు, యూదాలో అధికారిగా ఉన్నాడు. అధికారికి రావలసిన భత్యం ముట్టలేదు. పైగా తన బల్ల దగ్గర నూట యాభై మందికి భోజనం పెట్టాడు. రోజుకు ఒక ఎద్దు, ఆరు శ్రేష్ఠమైన గొర్రెలు, కోళ్లు. ఇదంతా వివరంగా రాసి, వెంటనే ఒక ప్రార్థన చేస్తాడు: ఈ జనానికి నేను చేసిన సమస్తాన్ని బట్టి, దేవా, నాకు మేలు కలిగేలా నన్ను జ్ఞాపకం చేసుకో. ఒక్కసారి కాదు, 13వ అధ్యాయంలో మూడుసార్లు ఇలాంటి మాటే వస్తుంది. లెక్క రాసుకున్నట్టే ఉంది, నిజమే. కానీ ఆ లెక్క ఎవరి ముందు పెట్టాడన్నది చూడాలి. జనం ముందు పెట్టి వసూలు చేసుకోలేదు. మోషే సంగతీ అంతే. ఐగుప్తు ధనాన్ని వదులుకోవడానికి కారణం చెబుతూ హెబ్రీ పత్రిక, "ప్రతిఫలముగా కలుగబోవు బహుమానమందు దృష్టి యుంచెను" అంటుంది. అదే అధ్యాయం 6వ వచనం ఇంకా ముందుకు వెళ్తుంది. దేవుడు ఉన్నాడని నమ్మడంతో సరిపోదు, తన్ను వెదికేవాళ్లకు ఫలం ఇచ్చేవాడని కూడా నమ్మాలి అంటుంది.

కాబట్టి ఆశించడం తప్పు కాదు. తేడా ఎక్కడుందో చూడాలంటే ముందు కృప, బహుమానం అన్న ముడిని విప్పాలి.

ఆ ముడి విప్పడానికి కొరింథు కంటే మంచి చోటు లేదు. పౌలు ఆ పట్టణంలో ఉన్నప్పుడు కొరింథు ఉన్న రోమా రాష్ట్రమైన అకయకు గల్లియోను అధిపతి. డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి ఆ కాలం క్రీ.శ. 51–52 ప్రాంతమని చరిత్రకారులు లెక్కగట్టారు. పౌలు వెళ్లిపోయాక అక్కడి సంఘం చీలింది. "నేను పౌలువాడను", "నేను అపొల్లోవాడను" అన్నారు. మన ఊళ్లలో "నేను ఫలానా అయ్యగారి సంఘం" అన్నట్టే. ఆ గొడవ మధ్యలో, 1 కొరింథీ 3వ అధ్యాయంలో, బహుమానం మాట వస్తుంది. నాటినవాడు ఒకడు, నీళ్లు పోసినవాడు ఒకడు, పెంచినవాడు దేవుడు. ఎవరి కష్టం కొద్దీ వారికి జీతం. ఆ తర్వాత కట్టడం సంగతి ఎత్తుకుంటాడు. పునాది ఒక్కటే, అది క్రీస్తు, వేరే పునాది ఎవరూ వేయలేరు. ఆ పునాది మీద ఒకడు బంగారం, వెండి, వెలగల రాళ్లతో కడతాడు. ఒకడు కర్ర, గడ్డి, చెత్తతో కడతాడు. ఒక రోజు అగ్ని వస్తుంది. నిలిచిన పనికి జీతం దొరుకుతుంది. కాలిపోయిన పనికి నష్టం. అయితే ఆ మనిషి మాత్రం రక్షింపబడతాడు, "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు".

ఇక్కడ రెండు సంగతులు విడివిడిగా కనబడుతున్నాయి. పునాది మీద ఉండటం కృప వల్ల. దాని మీద ఏం కట్టామన్నది పరీక్షకు వచ్చే విషయం. పని అంతా కాలిపోయినా మనిషి పోడు. పని నిలిచిందన్న కారణంతో ఎవరికీ పునాది దొరకలేదు. రక్షణకూ బహుమానానికీ పోటీ ఉందనుకున్నప్పుడు మనం ఈ రెంటినీ ఒకే ఖాతాలో రాస్తున్నామన్నమాట. ఇంకొకటి: అగ్ని పరీక్షించేది పని ఎంత అన్నది కాదు, ఎలాంటిది అన్నది. ఎన్ని మీటింగులు పెట్టాం, ఎన్ని సంఘాలు కట్టాం అన్న నివేదికలు చదువుకునే అలవాటున్న మనకు ఈ వచనం కొంచెం ఇబ్బంది పెట్టాలి. గడ్డి ఎప్పుడూ బంగారం కంటే ఎత్తుగానే కనబడుతుంది.

ఈ విషయం మీద క్రైస్తవ లోకం నిజంగానే చీలింది. మనిషి సత్క్రియలకు దేవుని ముందు యోగ్యత ఉందా లేదా అన్నది లూథర్ నాటి వాదాల్లో ముఖ్యమైనది. 1547 జనవరిలో రోమన్ కాథలిక్కుల ట్రెంట్ మహాసభ ఇచ్చిన తీర్మానం, కృపలో ఉన్న మనిషి చేసే సత్క్రియలకు యోగ్యత ఉందని చెప్పింది. సంస్కరణ సంఘాలు ఒప్పుకోలేదు. చిత్రమేమిటంటే, రెండు పక్షాలవాళ్లూ అంతకు వెయ్యేళ్లకు పైగా ముందున్న ఒక్కడినే సాక్ష్యానికి పిలిచారు. ఆయన హిప్పో బిషప్ అగస్టీన్. మన యోగ్యతలకు దేవుడు కిరీటం పెట్టేటప్పుడు ఆయన కిరీటం పెట్టేది తన వరాలకే అని అగస్టీన్ ఒక ఉత్తరంలో రాశాడు. సేవ చేసే బలం ఆయనిచ్చింది, మనసు ఆయన మార్చింది, అవకాశం ఆయన తెచ్చింది. చివరికి బహుమానం కూడా ఆయనే ఇస్తాడు. 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, రోమన్ కాథలిక్కులు సంతకాలు పెట్టిన ఉమ్మడి ప్రకటనలోనూ ఈ విషయం చర్చకు వచ్చింది. అందులో యోగ్యత అన్న మాటను కాథలిక్కులు తమ వైపు నుంచి వివరించారు: దాని ఉద్దేశం మనుషుల బాధ్యతను నొక్కి చెప్పడమే గాని, సత్క్రియలు వరాలన్న సంగతిని కాదనడం కాదని. వేదాంతులకు ఇంకా తేడాలు మిగిలే ఉన్నాయి. మామూలు విశ్వాసికి అగస్టీన్ మాట చాలునని నా అభిప్రాయం.

ఇప్పుడు పేతురు దగ్గరికి వద్దాం. ధనవంతుడైన యువకుడు దుఃఖపడి వెళ్లిపోగానే పేతురు అడిగిన ప్రశ్న మత్తయి 19:27లో ఉంది. మేం అన్నీ విడిచిపెట్టి నీ వెంట వచ్చాం కదా, మాకేం దొరుకుతుంది? యేసు గద్దించలేదు. పన్నెండు సింహాసనాల సంగతి చెప్పాడు, నూరు రెట్లు అన్నాడు. ఆపైన "మొదటివారు అనేకులు కడపటివారగుదురు" అని ఒక హెచ్చరిక, దాని వెంటనే ద్రాక్షతోట ఉపమానం, రోజులో వేరువేరు వేళల్లో కూలీలను పనికి పిలిచిన యజమాని కథ. మన బైబిళ్లలో అక్కడ 20వ అధ్యాయం మొదలవుతుంది కాబట్టి చాలామంది దాన్ని పేతురు ప్రశ్నతో కలిపి చదవరు. నిజానికి ఆ కథ మొత్తం పేతురు ప్రశ్నకు జవాబులో రెండో సగం.

హైదరాబాదులోనో విజయవాడలోనో పొద్దున్నే కూలీల అడ్డా చూసినవాళ్లకు ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. తెల్లవారగానే పిలుపు అందుకున్నవాళ్లు అదృష్టవంతులు. ఎండ ముదిరాక కూడా అడ్డా మీదే ఉన్నవాళ్లు సోమరులు కారు, ఎవరూ పిలవనివాళ్లు. ఉపమానంలోని సాయంత్రపు కూలీలు చెప్పిన జవాబూ అదే: ఎవడును మమ్మును కూలికి పెట్టుకొనలేదు. రోజు కూలి ఒక దేనారం, అంటే ఒక కుటుంబానికి ఒక రోజు తిండి. గంటకు గంట లెక్కగడితే ఆఖరివాడి ఇంట్లో ఆ రాత్రి పస్తే. యజమాని అందరికీ దేనారం ఇచ్చాడు. పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు సణిగారు.

సాధారణంగా ఈ కథను యజమాని దయ గురించి చెప్పి ముగిస్తారు. ఇందులో ఇంకో చిన్న వివరం ఉంది. పొద్దున వచ్చినవాళ్లు మాత్రమే దేనారానికి ఒడంబడిక చేసుకున్నారు. తొమ్మిదింటికి వచ్చినవాళ్లతో యజమాని ఏది న్యాయమో అది ఇస్తానన్నాడు, అంతే. వాళ్లు ఆ మాట మీదే వెళ్లారు. సాయంత్రం అసంతృప్తితో ఇంటికి వెళ్లింది ఒడంబడిక చేసుకున్నవాళ్లే. తమకు రావలసింది పైసా తగ్గకుండా వచ్చింది, అయినా ఏడుపే. కారణం, వాళ్ల చూపు పక్కవాడి చేతిలోకి పోయింది. పేతురు అడిగిన "మాకేం దొరుకుతుంది" అన్న ప్రశ్న ఎక్కడికి జారే ప్రమాదముందో యేసుకు తెలుసు. ఇరవయ్యేళ్లుగా సంఘంలో పనిచేస్తున్న పెద్దలు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడికి మైకు ఇచ్చారని అలగడం చూసినవాళ్లకూ తెలుసు.

అయితే అందరికీ ఒకేలా ఉంటుందా, తేడాలుంటాయా? ఇక్కడ వాక్యం రెండు వైపులా మాట్లాడుతుంది, దాన్ని బలవంతంగా ఒక వైపుకు లాగడం మంచిది కాదు. మత్తయి 25లో, యజమాని దాసులకు తలాంతుల లెక్కన సొమ్ము అప్పగించి వెళ్లిన కథలో, అయిదు తలాంతులవాడికీ రెండు తలాంతులవాడికీ వచ్చిన మెప్పు అక్షరం పొల్లుపోకుండా ఒకటే: "భళా, నమ్మకమైన మంచి దాసుడా". తలాంతు చిన్న మొత్తం కాదు, సుమారు ఆరు వేల దేనారాలు. అంటే కూలివాడికి దాదాపు ఇరవయ్యేళ్ల సంపాదన. అలాంటిదాన్ని యజమాని "కొంచెం" అంటున్నాడు. ఇచ్చింది వేరు వేరు, నమ్మకం ఒక్కటే, మెప్పూ ఒక్కటే. లూకా 19లోని కథలో మాత్రం యజమాని పదిమంది దాసులకూ తలా ఒక మినా (ఇదీ డబ్బు లెక్కే) ఇచ్చాడు. ఒకడు దాన్ని పది చేశాడు, ఒకడు అయిదు. పదివాడికి పది పట్టణాలు, అయిదువాడికి అయిదు. ఈ రెండు కథలూ కలిపి చెప్పేదేమిటంటే, తక్కువ తలాంతులు ఉండటం వల్ల ఎవరూ నష్టపోరు. చేతిలో ఉన్నదాని పట్ల నిర్లక్ష్యం మాత్రం లెక్కకు వస్తుంది. ఇంకో వివరం: బహుమానంగా దొరికింది విశ్రాంతి కుర్చీ కాదు. పట్టణాలు! అంటే ఇంకా పెద్ద పని. నమ్మకస్థుడికి దేవుడు ఇచ్చే ప్రతిఫలంలో మరింత నమ్మకం ఒక భాగం. చేసే పనిని ప్రేమించనివాడికి ఇది శిక్షలా కనబడుతుంది.

కిరీటాల సంగతి త్వరగా ముగిస్తాను. అక్షయ కిరీటం, నీతి కిరీటం, జీవ కిరీటం, మహిమ కిరీటం, అతిశయ కిరీటం అని అయిదింటిని వేరు చేసి, ఏ సేవకు ఏది అని పట్టిక వేసి బోధించడం మన కన్వెన్షన్లలో మామూలే. అయిదు పేర్లూ పత్రికల్లో ఉన్నాయి. కానీ పౌలు, యాకోబు, పేతురు కలిసి కూర్చుని పట్టిక తయారుచేయలేదు. కొరింథు దగ్గర ఇస్త్మియన్ ఆటలు రెండేళ్లకోసారి జరిగేవి. గెలిచినవాడికి పెట్టేది ఆకుల దండ, నాలుగు రోజుల్లో వాడిపోయేది. పౌలు దాన్ని చూపించి, వాడిపోనిదాని కోసం పరుగెత్తండి అన్నాడు. ప్రకటన 4వ అధ్యాయంలో ఇరవై నలుగురు పెద్దలు కిరీటాలను తీసి సింహాసనం ముందు వేస్తారు. కిరీటం ఎవరి నెత్తి మీద ఎన్ని అని లెక్కపెట్టేవాళ్లు ఆ వచనం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

ఇక నిష్కపటమైన మనసు. కొండమీది ప్రసంగంలో యేసు ధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ ఒకే కొలబద్దతో కొలిచాడు. మనుషులకు కనబడాలని చేసినవాళ్లు "తమ ఫలము పొంది యున్నారు" అన్నాడు. ఇది శాపం కాదు, లెక్క ముగిసిందని చెప్పడం. వాళ్లు కోరుకుంది మెప్పు, దొరికింది. శాలువా కప్పించుకున్నారు, ఫ్లెక్సీలో ఫోటో పడింది, ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకున్నారు. (ఫ్యాను తిరిగేటప్పుడు ఆ పేరు ఎవరికీ కనబడదు, అది వేరే సంగతి.) ఇంక బాకీ ఏమీ లేదు. రహస్యంగా చేసినదాన్ని రహస్యంగా చూసే తండ్రి దగ్గర మాత్రం లెక్క ఇంకా తెరిచే ఉంది. అయితే అదే ప్రసంగంలో, ఒక అధ్యాయం ముందు, మీ సత్క్రియలు మనుషులు చూసి తండ్రిని మహిమపరచాలి అని కూడా ఉంది. అంటే దాచడమే గొప్ప కాదు. ఎవరైనా చూశారా లేదా అన్నది కాదు ప్రశ్న, ఎవరు చూడాలని చేశాం అన్నది.

ఇలాంటి మనసు ఎలా ఉంటుందో చూపించమంటే నేను ఎబెద్మెలెకును చూపిస్తాను. యిర్మీయా 38వ అధ్యాయంలో కనబడే కూషీయుడు, రాజు ఇంట్లో నపుంసకుడు, పరదేశి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించిన రోజులవి, కొద్దికాలానికే, క్రీ.పూ. 587–586 ప్రాంతంలో, పట్టణం కూలిపోయింది. అధిపతులు ప్రవక్త యిర్మీయాను నీళ్లు లేని బురద గోతిలోకి దింపారు. పట్టణంలో పెద్దలున్నారు, యాజకులున్నారు, ఎవరూ కదల్లేదు. ఈ పరదేశి బెన్యామీను గుమ్మం దగ్గర కూర్చున్న సిద్కియా రాజు దగ్గరికి వెళ్లి, వీళ్లు చేసింది అన్యాయం అని బాహాటంగా చెప్పాడు. రాజు ముప్పై మందిని ఇచ్చాడు. తాళ్లు తీసుకుని నేరుగా గోతి దగ్గరికి పోవచ్చు. అతను ముందు ఖజానా కింది గదికి వెళ్లి చినిగిన పాత బట్టలు, చింకి గుడ్డలు ఏరాడు. వాటిని గోతిలోకి దింపి, తాళ్లు ఒరుసుకోకుండా ఇవి చంకల కింద పెట్టుకో అని యిర్మీయాతో చెప్పాడు.

ఆ గుడ్డల దగ్గరే నాకు అతని మనసు తెలుస్తుంది. ప్రవక్తను కాపాడిన ఘనత తాళ్లతోనే వచ్చేస్తుంది. చంకలు ఒరుసుకుపోతాయని ఆలోచించడానికి ఆ మనిషి మీద నిజంగా ప్రేమ ఉండాలి. దేవుడు అతన్ని మరచిపోలేదు. 39వ అధ్యాయం చివర, పట్టణం పడిపోయిన కథ అయ్యాక, అతనికోసమే పంపిన మాట ఒకటి ఉంది: నువ్వు భయపడే మనుషుల చేతికి నిన్ను అప్పగించను, నీ ప్రాణం నీకు దక్కుతుంది. కారణం చెప్పేచోట "నా ప్రవక్తను కాపాడావు గనుక" అని లేదు. "నన్ను నమ్ముకున్నావు గనుక" అని ఉంది. క్రియను చూసి, దాని వెనకున్న నమ్మకానికి బహుమానం ఇచ్చాడు. ఆ కాలంలో ఆ ఊళ్లో ప్రాణం దక్కడమే పెద్ద వరం. పొలాలు, పదవులు ఏమీ లేవు. యిర్మీయాకు లేఖకుడిగా పనిచేసిన బారూకుకు కూడా ఇదే దొరికింది: గొప్పవాటిని వెదుకుతున్నావా, వెదకవద్దు, నీ ప్రాణం ఇస్తాను అన్నాడు.

అలాగని మన మనసును మనమే తూకం వేసుకుని నిర్ణయించుకోవాలా? పౌలు ఆ పని చేయనన్నాడు. నన్ను నేనే విమర్శించుకోను. నాలో ఏ దోషమూ కనబడలేదు, అంతమాత్రాన నీతిమంతుడిని అయిపోను. ప్రభువు వచ్చి హృదయంలోని ఆలోచనలను బయలుపరిచేదాకా తీర్పు ఆపండి, అప్పుడు ప్రతివాడికీ తగిన మెప్పు కలుగుతుంది. 1 కొరింథీ 4లోని ఈ మాట రెండు రకాలవాళ్లకు పనికొస్తుంది. నా మనసు పరిశుద్ధం అని చెప్పుకునేవాళ్లకు. నా మనసులో ఏదో కల్తీ ఉంది కాబట్టి సేవ మానేస్తాను అనేవాళ్లకు. కల్తీ లేని మనసుతోనే మొదలుపెట్టాలంటే ఎవరూ మొదలుపెట్టరు. మత్తయి 25లోని తీర్పు దృశ్యంలో కుడివైపు నిలబడ్డ నీతిమంతులైతే, ప్రభువా, నిన్ను ఎప్పుడు ఆకలిగొనినవాడిగా చూశాం అని ఆశ్చర్యపోయారు. వాళ్ల దగ్గర జాబితా లేదు.

ఇతరుల మనసును తూచే పని మన నేల మీదే ఒకసారి పెద్దయెత్తున ఎదురైంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, 1876–78 మహా కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తవ్వకం పనిలో తెలుగు బోధకులు కూలీల మధ్య ఉండి మాట్లాడేవాళ్లు. బాప్తిస్మం కావాలని జనం అడుగుతూనే ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలాలని కరువు సాయం ఆగేదాకా ఆగాడు. సాయం ఆగింది, జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే.

క్లౌ జాగ్రత్త మెచ్చుకోదగిందే. అయినా నాకొక సందేహం ఉంది. ఆకలితో వచ్చినవాడి విశ్వాసం అబద్ధమని ఎందుకు అనుకోవాలి? యోహాను 6లో యేసు కూడా, రొట్టెలు తిని తృప్తి పొందారు కాబట్టే నన్ను వెదుకుతున్నారు అని జనాన్ని గద్దించాడు. కానీ ముందు రోజు రొట్టెలు పెట్టకుండా పంపలేదు. కడుపు నిండినవాడు పేరు కోసం చేసే సేవను అనుమానించని మనం, కడుపు మాడినవాడి ప్రార్థనను మాత్రం అనుమానిస్తాం. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన విశ్వాసులు నూట యాభై ఏళ్లుగా ఈ అనుమానాన్ని మోస్తూనే ఉన్నారు.

ఈ లోకంలో దొరికే ప్రతిఫలం గురించి సూటిగా మాట్లాడాలంటే "విత్తన కానుక" బోధ దగ్గర ఆగాల్సిందే. ఇంత విత్తితే ఇన్ని రెట్లు, ఫలానా తేదీలోగా. ఇది అపవాది అడిగిన ప్రశ్నకు "అవును, ఊరకే కాదు" అని జవాబు చెప్పడమే. నూరు రెట్లు అన్న మాట నిజంగానే ఉంది, మార్కు 10:30లో, "ఇప్పుడు ఇహమందు" అని కూడా ఉంది. అదే వచనంలో "హింసలతోపాటు" అని ఉంది. దాన్ని బ్యానర్ల మీద ఎవరూ వేయరు. అక్కడ లెక్కలో ఉన్నది ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు, పిల్లలు, భూములు. సంఘంలోకి వచ్చినవాడికి దొరికే కుటుంబం అది. హెబ్రీ 11లో సింహాల నోళ్లు మూయించినవాళ్లూ రంపాలతో కోయబడినవాళ్లూ ఒకే విశ్వాసం కలవాళ్లు, ఒకే పేరాలో ఉన్నారు. రెండు కాసులు వేసిన విధవరాలి కథ కానుకల సమయంలో తరచూ చెబుతారు. ఆమెకు తర్వాత ఎన్ని రెట్లు వచ్చిందో సువార్త చెప్పలేదు. చెప్పిందల్లా, ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులకు ఎక్కువ శిక్ష అని. ప్రవక్త ఎలీషా సేవకుడు గేహజీ కూడా, కుష్ఠు నయమై వెళ్తున్న సిరియా సేనాధిపతి నయమాను వెనక పరుగెత్తి రెండు తలాంతుల వెండి, రెండు దుస్తుల బట్టలు తెచ్చుకున్నాడు. ఎలీషా వద్దన్న బహుమానం అది. దాంతో పాటు నయమాను కుష్ఠు కూడా వచ్చింది.

యోబుకు రెండింతలు రాలేదా అంటారు. వచ్చింది. ఏడు వేల గొర్రెలు పద్నాలుగు వేలయ్యాయి, మూడు వేల ఒంటెలు ఆరు వేలయ్యాయి. కానీ అపవాది ప్రశ్నకు జవాబు అప్పటికే అయిపోయింది. బూడిదలో కూర్చుని, ఏమీ తిరిగి రాకముందే, యోబు దేవుణ్ని వదల్లేదు. గొర్రెలు ఆ తర్వాత వచ్చాయి. అవి వేతనం కాదు.

ప్రతిఫలం గురించి పత్రికల్లో ఉన్న అత్యంత స్పష్టమైన వాగ్దానం ఎవరికి రాసిందో చాలామంది గమనించరు. "మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి" అన్న కొలొస్సయి 3వ అధ్యాయపు మాట ఇప్పుడు ఆఫీసు బల్లల మీద, సంఘం గోడల మీద కనబడుతుంది. అది దాసులకు రాసిన మాట. పాస్టర్లకు కాదు, పెద్దలకు కాదు. రోమా చట్టంలో దాసుడికి సొంత ఆస్తి లేదు, వాడే ఇంకొకరి ఆస్తి. జీతం అడిగే హక్కు లేదు, తండ్రి ఆస్తిలో వాటా అన్న ఊహే లేదు. అలాంటివాళ్లతో పౌలు, మీకు ప్రభువు నుంచి స్వాస్థ్యం ప్రతిఫలంగా వస్తుంది అన్నాడు. స్వాస్థ్యం కొడుకులకు వచ్చేది, పనివాళ్లకు కాదు. ఒకే వాక్యంలో ప్రతిఫలమూ ఉంది, సంపాదించుకోలేని వారసత్వమూ ఉంది.

దావీదు ఒకసారి ఇదే చిక్కును యుద్ధభూమిలో తీర్చాల్సి వచ్చింది. 1 సమూయేలు 30లో, తాను ఉంటున్న సిక్లగు ఊరిని కాల్చి ఆడవాళ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోయిన అమాలేకీయుల వెంట ఆరువందల మందితో బయలుదేరాడు. బెసోరు వాగు దగ్గర రెండువందల మంది అలిసిపోయి దాటలేకపోయారు, సామాను దగ్గర ఆగిపోయారు. నాలుగువందల మంది వెళ్లి, గెలిచి, అందరినీ విడిపించి, దోపుడు సొమ్ముతో తిరిగి వచ్చారు. వాళ్లలో కొందరు, వీళ్లు మనతో రాలేదు కాబట్టి పెళ్లాం పిల్లల్ని తప్ప ఇంకేమీ ఇవ్వకూడదు అన్నారు. న్యాయంగానే వినిపిస్తుంది. దావీదు ఒప్పుకోలేదు. ఇది యెహోవా మనకు ఇచ్చింది, దీని విషయంలో మీరలా చేయడానికి వీల్లేదు అన్నాడు. సొమ్ము కష్టపడి తెచ్చిందే, అయినా ఇచ్చినవాడు దేవుడు. ఇచ్చింది దేవుడైతే పంపకం కూడా ఆయన లెక్క ప్రకారమే జరగాలి. యుద్ధానికి పోయినవాడికి ఎంత వాటానో సామాను దగ్గర నిలిచినవాడికీ అంతే వాటా అని తీర్పు చెప్పాడు. ఆ రోజు మొదలుకుని ఇశ్రాయేలులో అది కట్టడగా నిలిచిపోయింది.